గుత్తుల వారి వేళ్ళు

కడలి ధనకుమారి రక్తం ఆమె పది వేళ్ళనూ పరాయివాళ్ళుగా గుర్తించి, చేతులు ఖాళీ చేసి వెళ్ళిపొమ్మని మొన్న కార్తీకమాసంలో నోటీసు ఇచ్చింది. నోటీసంటే కాగితం కాదు. తెల్లారి లేచేసరికి వేళ్ళ కణుపులు ఎర్రగా ఉబ్బి, పిడికిలి విప్పుదామంటే విచ్చుకోకపోతే దాన్నే రేవుపూడిలో నోటీసంటారు. ఊళ్ళో పెళ్ళయిన ఆడవాళ్ళలో చాలామందికి ఏదో ఒక అవయవం తరఫున నోటీసు అందే ఉంది కాబట్టి ధనకుమారి పెద్దగా కంగారు పడలేదు. పక్కింటి వరాలమ్మకి మోకాళ్ళకి వచ్చింది. ఎదురింటావిడకి గొంతులో థైరాయిడ్ గ్రంథికి వచ్చింది. ఇద్దరూ నోటీసులతోనే కాపురాలు చేసుకుంటూ, మనవల్ని ఎత్తుకుంటూ బాగానే ఉన్నారు. బాగానే ఉన్నారంటే, అడిగినవాళ్ళకి బాగానే ఉన్నామని చెబుతున్నారు.

ధనకుమారికి మాత్రం వేళ్ళతోనే పని. ఆమె పూతరేకులు తీస్తుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద అలా లాగితే, రెప్ప వేసి తెరిచేలోగా రేకు తయారవుతుంది. దాన్ని చిరక్కుండా, మునివేళ్ళు కాలకుండా అంచు పట్టి లేపాలి. ఆ లేపడం పిడికిలితో కుదరదు. నోటీసు తరవాత నోటీసు ఇచ్చుకుంటూ పోయి రక్తం గనక వేళ్ళని పూర్తిగా వంచేసిందంటే, ఇక ఈ జన్మకి ఆమె రేకు లేపలేదు. ఆ పనంటే ఆమెకి ప్రాణం. వంట చేస్తుంది, కుడుతుంది, పశువుల్ని చూస్తుంది, కానీ అవన్నీ చేసేటప్పుడు ఆమె మొహం మామూలుగా ఉంటుంది. రేకు గాల్లోకి లేచేటప్పుడు మాత్రం పెదవులు కాస్త బిగబట్టి, తనలో తనే ముచ్చటపడుతుంది.

ఆమె భర్త దొరబాబుకి సెంటర్లో మోటార్లు వైండింగ్ చేసే షాపుంది. మంచివాడు. ఊరంతా అదే మాట అంటుంది, ధనకుమారి కూడా అంటుంది, కాబట్టి నిజమే. భార్య వేళ్ళు చూసి అతను కొబ్బరినూనె వెచ్చబెట్టి రాసుకోమన్నాడు. రెండోసారి చెప్పినప్పుడు నువ్వులనూనె రాసుకోమన్నాడు. మూడోసారి చెప్పేసరికి నూనెలు అయిపోయి, లాబుకి తీసుకెళ్ళాడు.

బస్టాండు ఎదుట లాబు నడిపేది సుహాసిని. మిగతా ఊళ్ళలో మిషన్లు చేసే పనిని రేవుపూడిలో ఆమె చెవితో చేస్తుంది. రక్తాన్ని గాజు గొట్టంలోకి తీసి, ఫ్యాను కింద కాసేపు నిలబెడితే, అది తేరుకుని మాట్లాడుతుంది. సుహాసిని గొట్టానికి చెవి ఆనించి విని, ఎవరు ఎవరి మీద ఎంత కోపంగా ఉన్నారో రాసిస్తుంది.

రక్తంలో కాపలావాళ్ళు అయిదు రకాలు. చదువుకున్నవాళ్ళు వాళ్ళని యాంటీబాడీలంటారు. ఎమ్ అనేవాళ్ళు ఎక్కడ అలజడి జరిగినా ముందు పరిగెత్తుకొచ్చే కుర్రకారు, ఊపు ఎక్కువ, గురి తక్కువ. వాళ్ళ వెనక తాపీగా వచ్చే పెద్దమనుషులు జి. ఒకసారి చూసిన మొహాన్ని ఏళ్ళ తరబడి మర్చిపోరు. ఏ అనేవాళ్ళు ముక్కు, నోరు, పేగుల గుమ్మాల దగ్గర కుర్చీలేసుకుని కూర్చుంటారు. డి అనేవాళ్ళు ఏం చేస్తారో పెద్ద డాక్టర్లకీ సరిగ్గా తెలియదు, జీతం మాత్రం అందుతోంది. ఇక మిగిలింది ఇ. వీళ్ళని పూర్వం కడుపులో పురుగుల్ని తరమడానికి వేశారు. ఊరికి చెప్పులూ మరుగుదొడ్లూ వచ్చాక పురుగులు తగ్గాయి, పోస్టులు మాత్రం రద్దు కాలేదు. చేతిలో లాఠీ ఉండి పని లేనివాడు ఏం చేస్తాడో ఇ కూడా అదే చేస్తుంది. రొయ్యని ఆపి నిలదీస్తుంది. వేరుశనగ గింజని సోదా చేస్తుంది. దుప్పటి దులిపితే లేచిన దుమ్ముని పట్టుకుని వీధి చివరిదాకా వినపడేలా తుమ్మిస్తుంది.

"మీ ఇ వాళ్ళు బుద్ధిగానే ఉన్నారండి," అంది సుహాసిని గొట్టం దించుతూ. "గొడవంతా జి వాళ్ళతోటే. ఎమ్ వాళ్ళు కూడా తోడయ్యారు. మీ వేళ్ళ మీద చాలా కోపంగా ఉన్నారండి."

"ఎందుకంట?" అని అడిగింది ధనకుమారి.

"అది చెప్పరండి. ఎంత కోపమో చెప్తారు గానీ ఎందుకో చెప్పరు. కొంతమందికి ఇంతకి రెట్టింపు కోపమున్నా ఒళ్ళు హాయిగానే ఉంటుందండి. కొంతమంది రక్తం ఏమీ లేదంటుంది, మనిషి మంచం దిగలేదు. రక్తం మాట ఒక్కటే పట్టుకుని ఏదీ తేల్చకూడదండి. మనిషిని కూడా అడగాలి."

"మరి ఎవరడుగుతారు?"

అది లాబు పని కాదు. సుహాసిని రిపోర్టు చేతికిచ్చింది. అందులో మామూలుగా ఎంత కోపం ఉండొచ్చో ఒక పక్కన అచ్చువేసి ఉంటుంది. పురుషులకి ఇరవై లోపు. పెళ్ళికాని స్త్రీలకి ఇరవై లోపు. పెళ్ళయిన స్త్రీలకి సర్దుకోగలిగినంత. ధనకుమారికి మూడొందలు దాటింది. కింద సుహాసిని నిబంధన ప్రకారం 'నార్మల్' అని రాసి, రాసినందుకు బాధపడి, పక్కన రక్త పరిచయ శాఖవారిని కలవగలరు అని కూడా రాసింది.

రక్త పరిచయ శాఖ ఆఫీసు పంటకాలువ పక్కన, పాత గోదాములో ఉంది. మనిషికి తన రక్తాన్ని పరిచయం చెయ్యడం ఈ శాఖ విధి. బారసాల నాడు వీళ్ళ మనిషి వచ్చి, బిడ్డ మణికట్టు దగ్గర నోరు పెట్టి ఇంటిపేరు చెప్పి వెళతాడు. ఆ పేరున్నవాళ్ళు మనవాళ్ళని రక్తం అప్పటినుంచీ నమ్ముతుంది. మగవాళ్ళకి అక్కడితో శాఖతో పని తీరిపోతుంది. ఆడపిల్లకి పెళ్ళిలో తలంబ్రాలయ్యాక మళ్ళీ వస్తాడు. అదే మణికట్టు దగ్గర కొత్త ఇంటిపేరు చెబుతాడు. భోజనం చేసి వెళతాడు.

ఆ శాఖలో ఉప పరిచయాధికారి కామరాజు గారు. బొద్దుగా, దయగా ఉంటారు. వచ్చినవాళ్ళందరికీ ముందు మజ్జిగ ఇప్పిస్తారు.

"రక్తం వినయం గలదమ్మా," అని ఆయన ధనకుమారికి వివరించారు. "ఇవాళ నుంచి కడలి వారంటే కడలి వారే. రాత్రికి రాత్రి మారిపోతుంది. అవయవాలు అలా కాదు, నెమ్మదస్తులు. కాళ్ళు అత్తారింటి గడప దాటీ దాటీ మారతాయి. నాలిక అత్తగారి పులుసు తినీ తినీ మారుతుంది. పుట్టింట్లో ఏదన్నా పని నేర్చుకున్న అవయవం ఉంటే మాత్రం అది మారదు. మీరు రేకు ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా అమ్మ దగ్గరండి. పరికిణీల వయసులో."

"అదీ సంగతి. మీ వేళ్ళు ఇంకా మీ పుట్టింటి గుత్తుల వారివే. కడలి వారింట్లో ఉంటూ గుత్తుల వారి పేరు చెబితే కాపలావాళ్ళు ఊరుకోరు కదా."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకూరుకున్నారండి?" అన్నాడు దొరబాబు.

"తనిఖీ జరగలేదు. నలభై దాటాక తనిఖీ ఉంటుంది."

దొరబాబుకి ఇది న్యాయంగానే అనిపించింది. ఏ శాఖలోనైనా తనిఖీ ఆలస్యంగానే జరుగుతుంది. ఇప్పుడేం చెయ్యాలని అడిగాడు. రెండు దారులున్నాయని కామరాజు గారు చెప్పారు. మొదటిది, పుట్టింటి పెద్ద ఎవరైనా వచ్చి రక్తం వినేలా రెండు మాటలు చెప్పాలి. ఈ వేళ్ళు మావి, ఈ మనిషి కూడా మాదే, రెండూ ఒకటే అని. ధనకుమారి తండ్రి పోయాడు. పెద్దంటే అన్న ఏడుకొండలే.

ఏడుకొండలు కబురందగానే మోటారుసైకిలు మీద చక్రకేళి గెల కట్టుకుని వచ్చాడు. చెల్లెలి వేళ్ళు చూసి ఏడ్చేశాడు. ఉత్తుత్తి ఏడుపు కాదు, పై కండువా తడిసింది. చిన్నప్పుడు ఆ వేళ్ళతో తనకి జడ గంటలు కట్టి ఏడిపించిందని కామరాజు గారికి చెప్పి మళ్ళీ ఏడ్చాడు. మజ్జిగ తాగి, కళ్ళు తుడుచుకుని, చెల్లెలి మణికట్టు మీదికి వంగి, నోరు తెరిచి, ఆగిపోయాడు.

"అయ్యగారూ, ఒక్క మాటండి. ఈ ఏళ్ళు మాయేనని నేనిప్పుడు అన్నాననుకోండి. రేపు ఈ ఏళ్ళు వచ్చి మా కొబ్బరితోట మీద చెయ్యేత్తేనో?"

కామరాజు గారు ఆలోచించారు. "వేళ్ళు గుత్తుల వారివే అయితే, వేళ్ళ వాటా వేళ్ళకుంటుంది మరి," అన్నారు.

ఏడుకొండలు మణికట్టు వదిలేశాడు. చాలాసేపు కండువా అంచు మడతపెడుతూ కూర్చున్నాడు. "చెల్లెమ్మా, నీకేం కావాలన్నా చేత్తాను. పేణం అడుగు, ఇచ్చేత్తాను," అన్నాడు.

"పేణం వద్దన్నయ్యా. రెండు మాటలు చెప్పు చాలు," అంది ధనకుమారి.

అతను వదినని అడిగి చెబుతానని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ధనకుమారికి కోపం రాలేదు, మనసు కష్టపెట్టుకుంది. చక్రకేళీలు మాత్రం చాలా బాగున్నాయి.

రెండో దారి, ఆమె పాత పేరుకి తిరిగి వెళ్ళిపోవడం. కామరాజు గారే స్వయంగా ఆమె మణికట్టు దగ్గర గుత్తుల, గుత్తుల అని చెప్పారు. వారం తిరక్కుండా కణుపుల వాపు దిగింది. ధనకుమారి పొద్దున్నే లేచి వేళ్ళు చాచి చూసుకుని, కిటికీ ఊచల సందుల్లోంచి వచ్చే ఎండలో వాటిని అటూ ఇటూ తిప్పి, ఆ సంతోషం మొగుడికి చెబుదామని వీధి వసారాలోకి పరిగెత్తింది. దొరబాబు పళ్ళు తోముకుంటూ ఇటు తిరిగాడు. ఆమె వరసపెట్టి తుమ్మడం మొదలుపెట్టింది.

ఇల్లు కడలి వారిది, ఇప్పుడు ఆమె గుత్తుల వారి మనిషి. కడలి వారి ఆవకాయ ముట్టుకుంటే పెదవులు వాచాయి. కడలి వారి తలగడ మీద పడుకుంటే కళ్ళు నీళ్ళు కారాయి. దొరబాబు గుమ్మంలో చెప్పులు విడిస్తే తుమ్ములు, లోపలికొచ్చి 'ధనం' అని పిలిస్తే మెడ మీద దద్దుర్లు.

"జి వాళ్ళు చల్లబడ్డారండి," అంది సుహాసిని మళ్ళీ గొట్టం దగ్గర చెవి పెట్టి. "ఈసారి ఇ వాళ్ళు లేచారు. మీ ఆయన మీద."

"ఆయనేం చేశారే పాపం?"

"ఏం చెయ్యలేదండి. పరాయి మనిషి కదా."

దాంతో దొరబాబు కాపురం అరుగు మీదికి మారింది. ఆమె వంటింట్లో వడ్డించి కంచం గడప దాటిస్తే, అతను అరుగు మీద తినేవాడు. తిన్నాక కిటికీ దగ్గరికొచ్చి, "పులుసు బాగుంది ధనం," అనేవాడు. "కాస్త దూరంగా నించుని చెప్పండి," అనేది ఆమె, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని. ఎన్నడూ కూరని మెచ్చుకోని మనిషి అరుగు మీదికెళ్ళాక రోజూ మెచ్చుకునేవాడు. ఆమె ఊళ్ళో లేనప్పటి ఖాళీ వంటింటి కన్నా, వంటింట్లోనే ఉన్న ఆమె దూరం అతనికి ఎక్కువ బాధగా ఉండేది. ఆ సంగతి అతను కిటికీలోంచి చెప్పాడు కూడా. ఆమె తుమ్ముతూ, ఏడుస్తూ వింది. ఏది ఎందుకో ఆమెకే తెలియలేదు.

అరుగు మీద కూర్చోబట్టి దొరబాబుకి ఆలోచించే తీరిక దొరికింది. మర్నాడు కామరాజు గారి దగ్గరికి వెళ్ళి, "ఏవండీ, ఇంటికే గుత్తుల వారి పేరు పెట్టేస్తే? నేనే మారిపోతే?" అన్నాడు.

కామరాజు గారు కుర్చీలో వెనక్కి వాలారు. నిబంధనలన్నీ వెతికించారు. అలా చెయ్యకూడదని ఎక్కడా లేదు. ఎవడైనా అలా చేస్తాడని ఎవరికీ తోచలేదు కాబట్టి నిషేధించడం మర్చిపోయారు. ఆయన భారంగా నిట్టూర్చి, దొరబాబు మణికట్టు పట్టుకుని, కొత్త పేరు చెప్పారు. చెప్పేటప్పుడు ఆయన గొంతు వణికింది. ఆడవాళ్ళ మణికట్ల దగ్గర అంతకుముందు అన్నేళ్ళుగా చెప్పినా ఎప్పుడూ వణకలేదు.

ఆ సాయంత్రం గుత్తుల దొరబాబు గుత్తుల వారింట్లోకి వచ్చి, గుత్తుల ధనకుమారి పక్కన కూర్చున్నాడు. తుమ్ము రాలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె కుండ బోర్లించి, మంట వేసి, మొదటి రేకు లేపింది. చెక్కుచెదరకుండా వచ్చింది. నెయ్యి, బెల్లంపొడి జల్లి, మడిచి, అతని నోట్లో పెట్టింది. ఒక కంచంలో తిన్నారు. వాళ్ళ పెళ్ళయ్యాక అంత సంతోషంగా గడిచిన సాయంత్రం ఇంకోటి లేదని ధనకుమారి ఇప్పటికీ అంటుంది.

తెల్లారేసరికి దొరబాబు లేవలేకపోయాడు.

ధనకుమారికి వచ్చింది వేళ్ళకే. దొరబాబు ఒంట్లో గుత్తుల వారి దగ్గర నేర్చుకున్న అవయవం ఒక్కటీ లేదు. రాగితీగ చుట్టడం తండ్రి కడలి వారి దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి చేతులకి నోటీసు. సైకిలు బాబాయి దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి మోకాళ్ళకి నోటీసు. నవ్వడం మేనత్త దగ్గర నేర్చుకున్నాడు, దవడలు బిగిశాయి. నిద్రపోవడం కూడా కడలి వారి ఉయ్యాల్లోనే నేర్చుకున్నాడు, రెప్పలు బూరెల్లా పొంగాయి. వైండింగ్ వార్నిషు వాసనకి తుమ్ములు వేరే.

అప్పుడు ఊరు కదిలింది. కామరాజు గారు జీపేసుకుని స్వయంగా వచ్చారు. సుహాసిని రక్తం తీయడానికి ఇంటికే వచ్చింది. గొట్టం చెవి దగ్గర పెట్టక ముందే అరుపులు వినిపించాయి. జిల్లా నుంచి నిపుణులు వచ్చి, మగవాడి రక్తం మగవాణ్ణి గుర్తుపట్టకపోవడం శాఖ చరిత్రలోనే లేదని తేల్చారు. ప్రత్యేక వైద్య శిబిరం పెట్టారు. వేడినీళ్ళు కాయడానికి మనిషిని వేశారు. వరాలమ్మ మోకాళ్ళు పట్టుకుని శిబిరం దాకా నడిచి వెళ్ళి, తననీ చూడమని అడిగింది. ఇది ప్రత్యేక శిబిరమమ్మా, అని వాళ్ళు మర్యాదగానే చెప్పారు.

ఆ తరవాత కల్యాణమండపంలో దొరబాబుకి సన్మానం చేశారు. భార్య కోసం ఒళ్ళంతా అర్పించిన త్యాగమూర్తి అని వక్తలు కొనియాడారు. ఇలాంటి భర్త దొరకాలంటే పెట్టి పుట్టాలని ఒకాయన అన్నప్పుడు ఆడవాళ్ళందరూ ధనకుమారి వైపు తిరిగి చూశారు. కప్పిన శాలువా గిట్టక దొరబాబు వేదిక మీద వీపు గోక్కుంటూనే ఉన్నాడు, అది కూడా వినయమే అనుకున్నారు. వచ్చినవాళ్ళందరికీ పూతరేకులు పంచారు. అవి తీసిందెవరో చెప్పడం ఎవరికీ గుర్తురాలేదు. ధనకుమారి మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. అరచేతులు పూర్తిగా తెరిచి కొట్టగలగడం ఆమెకి బాగుంది.

ఇంటికొచ్చాక దొరబాబు చొక్కా గుండీలు విప్పుకోలేక నిలబడిపోయాడు. ఆమె విప్పింది.

"ధనం, ఇన్నేళ్ళూ నీకు ఇలాగే ఉండేదా?" అని అడిగాడు.

"ఇంత కాదులెండి. నాకు వేళ్ళే కదా. అదీ నోటీసు మొన్ననే వచ్చింది గానీ, చిన్న చిన్న పోట్లు ముందునుంచీ ఉండేవి."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పానండి. కొబ్బరినూనె రాసుకోమన్నారు."

దొరబాబు తల దించుకున్నాడు. అతనికి నిజంగా సిగ్గేసింది. వాచిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారాయి. అవి తుమ్ములవల్ల వచ్చినవి కావని ఆమెకి తెలుసు. అతని తల తన భుజం మీద పెట్టుకుని, మెత్తటి, తేలికైన, బాగుపడిన వేళ్ళతో చాలాసేపు అతని జుట్టు నిమిరింది.

దొరబాబు మాట మీద నిలబడ్డాడు. కామరాజు గారు రోజూ వచ్చి బతిమాలినా పాత పేరుకి పోనన్నాడు. అలవాటైపోతుందన్నాడు. అలవాటు కాలేదు. షాపు షట్టరు దింపే ఉంది. ఒకనాడు ధనకుమారి రేకులు తీసి లోపలికొస్తే, అతను గోడ వైపు తిరిగి, ఒక మూర రాగితీగని చిన్న పుల్లకి చుట్టడానికి ప్రయత్నిస్తున్నాడు. తీగ జారిపోతోంది. మళ్ళీ తీస్తున్నాడు. ఆమె చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చి, మంట ఆర్పేసి, చెప్పులేసుకుని పంటకాలువ వైపు నడిచింది.

"మంచి నిర్ణయం తల్లీ," అన్నారు కామరాజు గారు, చాలా తేలికపడి. ఆమెకి మజ్జిగ ఇప్పించారు. "ఆయన మీ పేరు పట్టుకుని మారారు కాబట్టి, ఇల్లాలు మళ్ళీ కడలి వారిలోకి మారితే ఇల్లూ మారుతుంది, ఆయన్ని మళ్ళీ అడగక్కర్లేదు. కారణం ఏమని రాసుకోమంటారు?"

"ఆయన్ని అలా చూడలేకపోతున్నానండి."

"మరి మీ వేళ్ళు?"

"వాటిని నేను చూసుకుంటాను," అంది ధనకుమారి, మణికట్టు చాపుతూ.

తన ఒళ్ళు ఉన్నట్టుండి చల్లబడేసరికి దొరబాబుకి సంగతి అర్థమైంది. నన్నడక్కుండా ఎలా చేశావని కేకలేశాడు. మీరు నన్నడిగి మారారా అని ఆమె అంది. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడోనాడు అతను షాపు తెరిచాడు. సన్మానం చేసినవాళ్ళే వచ్చి, గండం గడిచిందని కౌగిలించుకున్నారు. వారం తిరిగేసరికి ఆమె కణుపులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

అయితే ఇప్పుడు ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. దొరబాబు పొద్దున్నే లేచి తవ్వెడు నీళ్ళు వెచ్చబెట్టి, వసారాలో ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటాడు. ఆమె చేతులు ఆ నీళ్ళలో పెట్టి, ఒక్కొక్క వేలునీ నిమురుతూ, రక్తానికి వినపడీ వినపడనట్టుగా గొణుగుతాడు. గుత్తుల వారి చిటికెనవేలు. గుత్తుల వారి ఉంగరంవేలు. తెల్లారుఝామున కాపలావాళ్ళు మత్తులో ఉంటారు కాబట్టి, ఆ మాట నమ్మి కాస్త సడలుతారు. వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. వాళ్ళు తేరుకుని మళ్ళీ పట్టు బిగించేలోగా ఆమె గబగబా కొన్ని రేకులు లేపుతుంది. ఇది శాఖ ఒప్పుకునే వైద్యం కాదు. నిషేధం కూడా లేదు.

అలా ఒక పొద్దున అతను ఎడమచెయ్యి పూర్తిచేసి కుడిచెయ్యి అందుకునేసరికి, గేటు ముందు స్కూటరు ఆగింది. పెద్దాయన ఒకడు, వెనక ఆయన భార్య. కూతురి సారెకి పూతరేకులు కావాలని వచ్చారు.

"కడలి దొరబాబుగారి ఆవిడ ఇక్కడేనాండి? రేకులు బాగా తీత్తారని చెప్పారండి," అన్నాడు పెద్దాయన.

దొరబాబు భార్య చెయ్యి వదల్లేదు. గొంతు సవరించుకుని, ఆమె రక్తానికి కూడా వినపడేంత గట్టిగా, "ఈవిడ గుత్తుల ధనకుమారి అండి," అన్నాడు.

పెద్దాయన తడబడ్డాడు. వెనక్కి తిరిగి భార్యని చూశాడు. "అయితే మనం ఇల్లు తప్పొచ్చామే," అంటూ స్కూటరు తిప్పడం మొదలుపెట్టాడు.

నీళ్ళలో ధనకుమారి వేళ్ళు పదీ విచ్చుకుని ఉన్నాయి. ఆమె వాటిని ఒకసారి చూసుకుంది. భర్త మొహం వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు, వద్దని.

"ఆగండి బాబాయిగారూ," అని ధనకుమారి పిలిచింది. "మీరు అడిగే మనిషిని నేనేనండి. కడలి దొరబాబుగారి భార్యని."

దొరబాబు అరచేతిలో ముందు ఆమె చూపుడువేలు ముడుచుకుంది, దాని వెనకే మిగిలినవి. అతను ఆ పిడికిలిని అలాగే రెండు చేతులతో మూసి పట్టుకున్నాడు. పెద్దాయన హమ్మయ్య అనుకుని స్కూటరు స్టాండు వేశాడు. సారెకి ఎన్ని కావాలండీ, బెల్లంవా, పంచదారవా అని ఆమె అడిగింది.